గురూపదేశము, గానము: తిరుత్తణి విభక్తి కృతులు, త్యాగరాజ వేంగమాంబల యోగగీతములు

చెన్నపట్టణమునుండి అరక్కోణమునకు పోవు రైలుమార్గమున తిరువళ్ళూరు దాటిన పిదప కడంబత్తూరు వచ్చును. ఈ ఊరి చుట్టునుగల సీమ చిరకాలమునుండి దేవాలయములకును, దైవసంకీర్తనమునకును నెలవు. తూర్పున తిరువళ్ళూరిలో వీరరాఘవస్వామి శయనించియున్నాడు. ఆ ఆలయ నిర్వహణము అహోబిల మఠమువారిది. పడమట తిరువాలంగాడు, శివుని నాట్యసభలలో రత్నసభయని పేరొందిన క్షేత్రమది. కారైక్కాల్ అమ్మైయారు ఆ స్వామినిగూర్చి పాడిన తమిళ పదికములు శైవుల పవిత్ర వాఙ్మయమున చేరినవి. వాయవ్యమున తిరుత్తణి కొండపై సుబ్రహ్మణ్యస్వామి వెలసియున్నాడు. తిరుత్తణి 1960వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీవరకు చిత్తూరు జిల్లాలోనిది. ఇప్పుడది తిరువళ్ళూరు జిల్లాలోనిది. ఇంట తెలుగును, బడిలో తమిళమును, పూజలో సంస్కృతమును వినుచు పెరిగిన కుటుంబము లీ సీమలో పెక్కు గలవు. అట్టివారికి ఈ వ్యాసవిషయము పరాయిది కాదు.

యోగము, కీర్తనము, గురూపదేశము అను మూడింటిని మనము సాధారణముగా వేర్వేరుగా తలంచుచుందుము. యోగము ఒంటరిగా కూర్చుండి చేయునది; కీర్తనము పదిమందిలో పాడునది; ఉపదేశము గురువు శిష్యునకు రహస్యముగా చెప్పునది. ఇట్లు స్వభావముచేతనే భిన్నములైన ఈ మూడును మన వాగ్గేయకారుల రచనలలో ఒకచో కలసియున్నవి. చెవిలో చెప్పవలసిన మాట గొంతెత్తి పాడదగిన పాట యెట్లయ్యెను? పాడబడిన పిమ్మట దానియందు ఉపదేశ మెంత మిగిలెను? పాట నేర్చినవానికి గురువుతో పని తీరునా? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటయే ప్రస్తుత ప్రయత్నము.

ఈ కృతులను గూర్చి ప్రచారమునగల అభిప్రాయములు రెండు. ఇవి మంత్రశాస్త్ర రహస్యములు గావున సాహిత్యవిమర్శకు లోబడవని కొందరందురు. ఇవి సంగీతమునకు ఆధారముగా కూర్చిన మాటలేగాని కవిత్వదృష్టితో చూడదగినవి కావని మరికొందరందురు. మొదటివారు భక్తిచేతను, రెండవవారు ఉపేక్షచేతను ఒకే పని చేయుచున్నారు. ఇరువురును మాటను చదువుట మానినారు. మాటను చదివినచో ఒక విషయము తేటపడును. ఏ పాటయు గురువునకు బదులు కాజాలదు. కాని గురువువలన పొందిన దానిని శిష్యుడు నిలుపుకొనుటకును, ఆ విద్యయొక్క పరిభాష జనులకు అందుటకును, సాధకుడు తన్ను తాను పరీక్షించుకొనుటకును పాట మిక్కిలి తోడ్పడును. మొదటి పని ముత్తుస్వామి దీక్షితుల విభక్తి కృతులలోను, రెండవది తరిగొండ వేంగమాంబ రచనలలోను, మూడవది త్యాగరాజస్వామి కృతులలోను విశేషముగా కానవచ్చుచున్నవి.

1. తిరుత్తణి కథయు, తిరుత్తణి కృతియు

ముత్తుస్వామి దీక్షితులు 1775లో తిరువారూరున జన్మించి 1835లో ఎట్టయాపురమున పరమపదించిరి. తండ్రియగు రామస్వామి దీక్షితులు కుటుంబముతో చెన్నపట్టణ సమీపమునగల మణలికి వచ్చి అచటి ముదలియార్ల ఆదరణమున నుండిరి. ఆ కాలముననే చిదంబరనాథయోగి ముత్తుస్వామిని తనవెంట కాశికి కొనిపోయి, యోగమును, శ్రీవిద్యను ఉపదేశించెను. కాశినుండి మరలివచ్చిన పిదప దీక్షితులు తిరుత్తణి చేరి స్వామిసన్నిధిని ధ్యాననిష్ఠలో నుండగా, ఒక వృద్ధుడు వచ్చి నోరు తెరువుమని కలకండపలుకు నాలుకపై నుంచి అంతర్ధానమయ్యెననియు, అంతట ‘శ్రీనాథాది గురుగుహో’ యను కృతి వెలువడెననియు సంప్రదాయము చెప్పుచున్నది. వారి రచనలలో నిదియే మొదటిదని ప్రసిద్ధి.

కథ మధురమైనది, కొండకు వచ్చువారందరును దానిని చెప్పుకొనుచునే యుందురు. ఐనను ఆ కథను మాత్రమే చెప్పుకొనుటవలన ఒక నష్టము గలదు. కలకండ కరగునంత సేపటిలో కవిత్వము వచ్చెనని విన్నవారు, అంతకుముందు గడచిన సంవత్సరముల శిక్షణమును మరతురు. తండ్రివద్ద నేర్చిన సంగీతము, కాశిలో యోగిసేవ, నియమముగా సాగిన జపము ఇవన్నియు ఆ క్షణమునకు వెనుక నున్నవి. కథలోని వృద్ధుడు శాస్త్రమును బోధింపలేదు. నేర్చినదానికి మాధుర్యము కలిగించి పోయినాడు. కథను ఇట్లు గ్రహించినచో అది గురుశుశ్రూషను తక్కువచేయదు సరిగదా, దాని ఫలమును సూచించును.

ఈ కృతితో నారంభమై గురుగుహునిపై ఎనిమిది కృతులు, సంస్కృతవ్యాకరణములోని ఎనిమిది విభక్తులలో నున్నవి. ప్రథమావిభక్తిలోని ‘శ్రీనాథాది గురుగుహో’ మాయామాళవగౌళలోనిది. ద్వితీయ ఆనందభైరవిలోను, తృతీయ పాడిలోను, చతుర్థి సామలోను, పంచమి బలహంసలోను, షష్ఠి పూర్విలోను, సప్తమి భానుమతిలోను, సంబోధనము దేవక్రియలోను అమరినవి. ‘గురుగుహ’ యన్నది దీక్షితుల ముద్ర. గుహుడనగా కుమారస్వామి. గుహ యనగా హృదయమని ఉపనిషత్సంప్రదాయము. ఆ మాటకు ముందు గురుశబ్దము చేరుటచే, కొండపైనున్న దైవమును, కాశిలో ఉపదేశించిన యోగియు, హృదయమున వెలుగు చైతన్యమును ఒకే పేరున పిలువబడుచున్నారు.

విభక్తులలో రచించుట పాండిత్యప్రదర్శనమని యెంచువారు కలరు. స్తోత్రకవులలో నట్టి అలవాటు లేకపోలేదు. కాని ఇచట విభక్తి యనునది గురువునకును శిష్యునకును గల సంబంధమును తెలుపు సాధనమైనది. ప్రథమలో గురువు సర్వోత్కర్షతో వర్తించుచున్నాడు. ద్వితీయలో కవి తన మనస్సును పిలిచి ఆ రూపమును భజింపుమని హెచ్చరించుచున్నాడు. తృతీయలో గురువుచే తాను పాలింపబడితినని చెప్పుకొనుచున్నాడు. చతుర్థిలో భక్తులననుగ్రహించు గురుగుహునకు నమస్కరించుచున్నాడు. పంచమిలో అతనికంటె అన్యమును ఎరుగనని పలుకుచున్నాడు. షష్ఠిలో దాసుడనని, సప్తమిలో ఆ స్వామియందు భక్తి సలుపుచున్నానని విన్నవించి, కడపట సంబోధనములో తన్ను శీఘ్రముగా తరింపజేయుమని వేడుకొనుచున్నాడు. కర్త, కర్మ, కరణము మొదలగు కారకములు వ్యాకరణములో క్రియకు సంబంధించినవి. ఇచట అవి శిష్యుని జీవితమునకు సంబంధించినవైనవి.

ఇంతవరకు పెక్కుమంది అంగీకరింతురు. కాని ఈ క్రమమును ద్వైతమునుండి అద్వైతమునకు ఎక్కు మెట్లవరుసగా వర్ణించుట యొకటి గలదు. అది కృతులలోని మాటకు విరుద్ధము. మొదటి కృతి పల్లవిలోనే, చిదానందనాథుడను నేనే యని హృదయమున ఎడతెగక భావింపవలెనను ఉపదేశము స్పష్టముగా నున్నది. చిదానందనాథుడన్నది దీక్షితుల దీక్షానామమని సంప్రదాయము. అనగా అభేదభావన చివరి మెట్టున గాక మొదటి మెట్టుననే చెప్పబడినది. దాసుడనను మాట ఆరవ కృతిలోను, తరింపజేయుమను వేడికోలు ఎనిమిదవ కృతిలోను వచ్చుచున్నవి. ఎక్కుటకు బదులు దిగుట కనబడుచున్నది.

దీనికి సమాధానము శిష్యజీవితములోనే గలదు. ఉపదేశము గురువు నోట ఒక్కసారిగా పూర్ణరూపమున వచ్చును. నీవు ఇట్టివాడవని గురువు చెప్పును. ఆ మాట నిజమని అనుభవించుటకు శిష్యునకు జన్మమంతయు పట్టును. ఆ నడుమ మనస్సును బుజ్జగించుట, రక్షణమును గుర్తించుట, నమస్కరించుట, దాస్యము చేయుట, మొరపెట్టుట అన్నియు నున్నవి. ఉన్నతమైన మాటను విన్నవాడు అహంకరింపక అంతకంతకు వినయవంతుడగుటయే ఆ మాట అతనికి తగిలినదనుటకు గుర్తు. సంస్కృతవ్యాకరణమున సంబోధనము ప్రథమావిభక్తిలోనిదే. ఆ దృష్టితో చూచినచో ఎనిమిదవ కృతి మొదటిదానికే మరలి వచ్చినది. దూరమున కీర్తింపబడిన గురువు ఎదుట నిలిచి పిలువబడుచున్నాడు. ఈ నిర్మాణమును గమనింపక ఒక్క మొదటి కృతిని మాత్రము పాడి విడుచుట, ఉపదేశమును విని సాధనను వదలుట వంటిది.

రాగమును గూర్చియు ఒక మాట. సరళీస్వరములను పిల్లలకు మాయామాళవగౌళలో నేర్పుట పురందరదాసు ఏర్పరచిన పద్ధతియని ప్రసిద్ధి. తొలిపాఠపు రాగమే ఈ తొలికృతికి రాగమైనది. రాగనామమును దేశనామముల వరుసలో ఇమిడ్చిన నేర్పు కూడ ఇందు గలదు. ఇక కాలప్రమాణము. దీక్షితుల కృతులు ప్రధానముగా విలంబకాలమున నడచి, మధ్యమకాల సాహిత్యముతో ముగియుచుండును. విలంబకాలమున దీర్ఘసమాసమును తెగకుండ పాడవలెనన్నచో శ్వాసను అదుపులో నుంచుకొనక తప్పదు. తొందరపడు మనస్సుతో ఆ నడక సాధ్యము కాదు. యోగమును గూర్చి చెప్పుట యటుంచి, పాడువానిచేత కొంత యోగమును చేయించుట యనగా నిదియే.

లోపము చెప్పవలసివచ్చినచో, సంస్కృతము తెలియని శ్రోతకు ఈ కృతుల అర్థము తలుపు తెరువదు. తొలికృతిలో వచ్చు దివ్యౌఘము మొదలగు మాటలు శ్రీవిద్యలోని గురుపరంపరను తెలిపెడి పారిభాషిక పదములు. దీక్ష లేనివారికి అవి పేర్లు మాత్రమే. దీక్షితులు రహస్యమును దాచలేదు, విప్పలేదు. శిష్యుడు గురువును తలంచుకొను మాట గావున అది వినువారికి బోధ కావలెనను నియమము లేదు. కాని బోధ కోరి వచ్చువారు మరియొక ద్వారమును వెదకవలెను.

2. వేంగమాంబ తెరచిన ద్వారము

తెలుగువారికి ఆ ద్వారము తిరుమలలో గలదు. ఆ కొండమీది గీతపరంపరకు మూలపురుషుడైన అన్నమాచార్యుడు (1408-1503) శఠకోపయతివద్ద వేదాంతము అభ్యసించెనని అతని మనుమడు చిన్నన్న ద్విపదలో వ్రాసియున్నాడు. ఆ యతి అహోబిల మఠమునకు చెందినవాడు. తిరువళ్ళూరు ఆలయమును నిర్వహించుచున్న మఠమది. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకులపై అధ్యాత్మ, శృంగార విభాగములుగా చెక్కబడినవి. ఐనను యోగశాస్త్రమును నేరుగా విషయముగా గ్రహించిన రచనలకు వేంగమాంబయే మనకు ముఖ్యము.

తరిగొండ వేంగమాంబ (1730-1817) బాల్యముననే వివాహమాడి భర్తను కోల్పోయెను. మదనపల్లెలోని రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి ఆమెకు గురువు. లోకము విధించిన వైధవ్యచిహ్నములను ఆమె అంగీకరింపలేదు. తిరుమల చేరి అచటనే జీవితశేషమును గడపెను. నేటికిని స్వామి ఏకాంతసేవలో ఆమె పేరిట ముత్యాలహారతి జరుగుచున్నది. ఆమె యక్షగానములను, పురాణకథలను రచించుటయే గాక, అష్టాంగయోగసారమును పద్యములలోను, రాజయోగామృతసారమును ద్విపదలోను, తత్త్వకీర్తనలను పాటలుగాను రచించెను. వాసిష్ఠరామాయణమును సైతము ద్విపదగా వెలయించెను.

ఒకే కవయిత్రి ఒకే విద్యను పద్యము, ద్విపద, కీర్తన యను మూడు రూపములలో చెప్పుట విమర్శకులు తగినంతగా పట్టించుకొనని విశేషము. పద్యము ఛందస్సు తెలిసినవారు నిలిచి చదువుకొనునది. ద్విపద రెండేసి పాదములుగా నడచుచు, పురాణము వినుటకు కూర్చున్నవారికి సైతము అందునది. కీర్తన నాలుక చివర నిలిచి పనిపాటలలో వెంటవచ్చునది. యమనియమములను, ఆసన ప్రాణాయామములను వరుసగా వివరించుటకు పద్యద్విపదలు తగును. పాటకు ఆ బరువు తగదు. విధానమును గ్రంథమునకును, అనుభవపు ఊతమును కీర్తనకును ఆమె పంచిపెట్టినది. ఏ రూపమున ఎంత చెప్పవలెనో ఆమెకు తెలిసిన విషయము ఇందువలన స్పష్టమగుచున్నది.

ఆమెకాలమున శాస్త్రాధికారము స్త్రీకి సులభముగా దొరకునది కాదు. అందునను భర్తృవిహీనకు మరియు దుర్లభము. అట్టి స్థితిలో యోగపరిభాషను తెలుగులోనికి తెచ్చి, వినదలచినవారందరికి అందునట్లు కూర్చుట సాహసము. దీక్షితుల కృతులలో శిష్యుని మాట వినవచ్చుచుండగా, వేంగమాంబ రచనలలో బోధకురాలి మాట వినవచ్చుచున్నది. అందుచేతనే ఆమె రచనలో అలంకారమునకంటె విశదత ఎక్కువ. కేవల కావ్యదృష్టితో చూచువారు దానిని కొరతయందురు. బోధకు విశదత గుణమే. ఐనను గ్రంథము చదివి ప్రాణాయామమునకు పూనుకొనుట ఆ సంప్రదాయమునకు సమ్మతము కాదు. ఆమెయు గురువువద్ద నేర్చిన పిదపనే వ్రాసినది. పుస్తకము దారిని తెలుపును. తప్పటడుగు వేసినపుడు చేయిపట్టుకొనుటకు మనిషి కావలెను.

3. త్యాగరాజస్వామి పెట్టిన పరీక్ష

త్యాగరాజస్వామి (1767-1847) దీక్షితులకు సమకాలికులు. వారివలెనే తిరువారూరున జన్మించినవారు. నివాసము తిరువయ్యారు. ఈ సీమకు వారితోగల సంబంధము స్వల్పము కాదు. చెన్నపట్టణ సమీపమున కోవూరిలో సుందరేశునిపై ఐదు కృతులు రచించిరి, తిరుమలయాత్ర చేసిరి. అరక్కోణమునకు ఆవల వాలాజాపేటలో వారి శిష్యులైన వేంకటరమణ భాగవతులును, ఆయన పరంపరవారును గురుకృతులను వ్రాతప్రతులలో భద్రపరచిరి. గురువు పాడినదానిని శిష్యులు వ్రాసియుంచనిచో ఈనాడు మనము విమర్శించుటకేమియు మిగులకుండెడిది.

యోగపరిభాష త్యాగరాజకృతులలో తక్కువ కాదు. ‘స్వరరాగ సుధారస’ యను శంకరాభరణ కృతిలో మూలాధారమున పుట్టు నాదము ప్రసక్తమైనది. జగన్మోహినిలోని ‘శోభిల్లు సప్తస్వర’లో నాభి, హృదయము, కంఠము, జిహ్వ, నాసిక మొదలగు స్థానములలో స్వరములు ప్రకాశించునని వర్ణింపబడినది. సారమతిలోని ‘మోక్షము గలదా’ ప్రాణాగ్నుల కలయికనుండి ప్రణవనాదము కలిగి, అది సప్తస్వరములైన క్రమమును తెలుపుచున్నది. సంగీతశాస్త్రగ్రంథములలోను, యోగగ్రంథములలోను ఉన్న విషయమే యిది. దానిని తెలుగులో రెండు మూడు పంక్తులలో ఇమిడ్చుట గొప్పయే. కాని త్యాగరాజస్వామి ప్రత్యేకత అందు లేదు. ఆ విషయము తెలిసినవానిని వారు అడిగెడి ప్రశ్నలో నున్నది.

‘మోక్షము గలదా’ యన్నది ప్రశ్న. ఆభోగిలోని ‘మనసు నిల్ప శక్తి లేకపోతే’ యన్నదియు ప్రశ్నకు పూర్వభాగమే. మనస్సును నిలుపు శక్తి లేనివాడు ఎంత మధురముగా ఘంట మ్రోగించి పూజించినను ఏమగునని పల్లవి. గర్వముతో మునిగినవానిని కావేరియు, మందాకినియు ఎట్లు రక్షించునని అనుపల్లవి. కామక్రోధములు విడువనివాని తపస్సును గూర్చిన ప్రశ్న చరణములో గలదు. ‘స్వరరాగ సుధారస’లోనైనను నాదమర్మమును చెప్పిన ఆ నోటనే, తాళగతులు తెలియక మద్దెల బాదుటను, శుద్ధమైన మనస్సు లేక పూజసేయుటను నిందించిరి. సంగీతము యోగమని గొంతెత్తి చెప్పిన మహనీయుడే, సంగీతమంతయు యోగము కాదని అంత గట్టిగాను చెప్పినాడు. ఈ రెండవ మాటను మనము మరచి మొదటి మాటను మాత్రము సభలలో చెప్పుకొనుచున్నాము.

చిత్తవృత్తులను నిరోధించుటయే యోగమని పతంజలిమహర్షి తన గ్రంథారంభముననే నిర్వచించెను. ఆ సూత్రమును ఘంట, స్నానము, తపస్సు అను నిత్యజీవిత విషయములలోనికి తెచ్చి, వినువాని ఎదుట ప్రశ్నగా నిలుపుటయే త్యాగరాజస్వామి చేసినది. సంగతుల పద్ధతి దీనికి మిక్కిలి అనుకూలించినది. ఒకే పల్లవిని కొద్దికొద్ది మార్పులతో మరల మరల పాడుచుండగా, ఒకే ప్రశ్న అంతకంతకు లోతుగా దిగుచుండును. జపములో మంత్రము మారక మనస్సు మారవలెను. సంగతులలో మాట మారక భావము విప్పారుచుండును. సంగతులను కేవలము గాత్రపటిమకు పరీక్షగా పాడినచో ఈ ప్రయోజనము చెడును.

ఇచట ఒక విరోధము కనబడును. గౌరీమనోహరిలోని ‘గురులేక ఎటువంటి’ యను కృతి, ఎంతటి గుణవంతునకైనను గురువు లేనిదే తెలియబోదని నిశ్చయముగా చెప్పుచున్నది. శంకరాభరణములోని ‘మనసు స్వాధీనమైన’ యను కృతి, మనస్సు వశమైనవానికి మంత్రతంత్రములతో పనిలేదని చెప్పుచున్నది. గురువు తప్పనిసరియా, గురువిచ్చు మంత్రము అనవసరమా? నిదానించి చూచినచో విరోధము లేదు. మొదటి కృతిలో గురువు చేయు పని యేమి? హృదయరోగమను అడవిని నరకుట; ఆలుబిడ్డలు, ధనము, దాయాదులు అను వానివలన కలుగు దుఃఖము మనస్సునకు అంటకుండునట్లు తత్త్వబోధ యను మందిచ్చుట. రెండవ కృతి ఆ మందు పనిచేసిన పిమ్మటి స్థితిని చెప్పుచున్నది. రోగము కుదిరినవానికి మందు అక్కరలేదనుట వైద్యుని నిందించుట కాదు. రెండింటికిని లక్ష్యము మనస్సే.

దీనినుండి సామాన్యసాధకుడు గ్రహింపదగిన పరీక్ష యొకటి కలదు. ఈ గురువు నాకు మహిమలు చూపెనా యని గాక, ఇతని మాట విన్న పిదప నా మనస్సు కొంతయైన నిలిచినదా, నా గర్వము కొంతయైన తగ్గినదా యని ప్రశ్నించుకొనవలెను. గురువులమని చెప్పుకొనువారు ఎందరో గల కాలమిది. ఏ కాలమునకైనను ఆ మాట చెల్లును. అట్టిచో పాట గురువు కాజాలకపోయినను, గురువును ఎన్నుకొనుటకు ఒరగల్లు కాగలదు. వేదికపై కూర్చున్న గాయకునికిని, భజనలో తాళము వేయు సామాన్యునికిని ఆ ఒరగల్లు ఒక్కటియే.

4. పదిమందితో పాడుట

ఇంతవరకు చెప్పినది ఒక్కొక్క సాధకుని దృష్టితో చెప్పినది. ఐతే తిరుత్తణిలో పాట కొండయెక్కుట సామూహికముగా జరుగుచున్నది. కొండకు సంవత్సరములోని దినముల లెక్కన 365 మెట్లు గలవు. ఆంగ్లసంవత్సరాంతమున డిసెంబరు 31వ తేదీన భక్తబృందములు మెట్టుమెట్టునకు నిలిచి పూజించి, అరుణగిరినాథుని తిరుప్పుగళ్ గీతములను పాడుచు పైకి పోవుట ఆచారము. 20వ శతాబ్ది తొలిభాగమున వళ్ళిమల స్వామి ఈ మెట్లపండుగకు నాంది పలికిరి. పాటను నేర్పి, దానిని నడకతో జోడించి, వేలాదిమందికి నియమమును అలవరచిన ఈ పద్ధతి గురుమార్గదర్శనమునకు మంచి ఉదాహరణము. ఇందు రహస్యోపదేశము లేదు; ప్రతి మెట్టునను ఆగుట గలదు. త్వరగా పైకి చేరవలెనను ఆతురతను ఆపుటయే అందలి శిక్షణము.

తమిళదేశమున వ్యాపించిన దక్షిణ భజనసంప్రదాయముది మరియొక మార్గము. బోధేంద్రస్వామి, శ్రీధర వేంకటేశ అయ్యావాళ్, మరుదానల్లూరు సద్గురుస్వామి ఆ సంప్రదాయమునకు మూర్తిత్రయము. అందు జయదేవుని అష్టపదులు, నారాయణతీర్థుల తరంగములు, భద్రాచల రామదాసు కీర్తనలు ఒక క్రమమున పాడబడుచున్నవి. త్యాగరాజస్వామి దివ్యనామ, ఉత్సవసంప్రదాయ కీర్తనలు ఇట్టి గోష్ఠులకు తగినవి. వానిలో సంగతుల విస్తారము లేదు. ఒకరు చెప్పగా పదిమంది అందుకొనదగిన సులభమైన నడక గలదు. భాష తెలుగైనను పాడువారిలో తమిళులే అధికులగుట గర్వింపదగిన విషయము. ఆ గర్వముతోబాటు మనకొక బాధ్యతయు గలదు.

5. నాదము, నాథుడు

దీక్షితుల కృతులను, వారి చరిత్రను సమగ్రముగా లోకమునకందించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయాపురమున తెలుగున ముద్రితమైనది. గ్రంథకర్త సుబ్బరామ దీక్షితులు. తమిళదేశపు దక్షిణాగ్రమునకు చేరువలో, తమిళుల ఆదరణమున, సంస్కృతకృతుల మహాగ్రంథము తెలుగులిపిలో వెలువడుట మన లిపికి దక్కిన గౌరవము. తెలుగు చదువగల ఏ బాలికయైనను ఆ గ్రంథమును నేరుగా తెరచి చూచుకొనవచ్చును.

ఈ సీమలోని మన పిల్లలలో పలువురు నేడు ఈ పాటలను తమిళలిపిలో వ్రాసికొని నేర్చుచున్నారు. తమిళలిపి తమిళమునకు చక్కగా అమరినది. దాని లోపమిందు లేదు. అందు క, ఖ, గ, ఘ లకు ఒకే అక్షరము, త, థ, ద, ధ లకు ఒకే అక్షరము. సంగీతగ్రంథములను ముద్రించు తమిళ పండితులు అక్షరముమీద చిన్న అంకెలు వేసి ఈ భేదమును శ్రద్ధతో చూపుచున్నారు. చేతివ్రాతలలో ఆ అంకెలు జారిపోవును. జారినచో నాదమునకును నాథునకును భేదము మిగులదు.

ఈ రెండు మాటలును ఈ వ్యాసవిషయమునకు ఆయువుపట్లు. ‘శ్రీనాథాది’ యనుచోట నాథశబ్దము గురువును చెప్పుచున్నది. దీక్షానామముల చివర నుండునదియు అదియే. త్యాగరాజస్వామి చిత్తరంజనిలో రచించిన ‘నాదతనుమనిశం’ అను కృతిలో నాదమే శివుని శరీరముగా చెప్పబడినది. మొదటిదానిని నాదమని పలికినచో గురుపరంపర మాయమగును. రెండవదానిని నాథయని పలికినచో నాదోపాసన మాయమగును. స్వరము తప్పినచో సభలో వెంటనే గుర్తించు మనము, మాట తప్పినచో గుర్తింపకుండుట న్యాయమా?

కావున ఈ సీమలోని తెలుగు సంఘములకు ఒక మనవి. భజనగోష్ఠి జరుగు ప్రతిసారియు ఒక్క కృతిని ఎన్నుకొని, పాడుటకు ముందు దాని పదవిభాగమును, తాత్పర్యమును పెద్దలలో ఒకరు చెప్పవలెను. విభక్తి కృతులు ఎనిమిదింటిని వరుసగా ఎనిమిది గోష్ఠులలో నేర్పవచ్చును. త్యాగరాజస్వామి ప్రశ్నలను తెలుగు తెలిసిన తాతయో అమ్మమ్మయో మనుమలకు ఇంటి మాటలలో చెప్పిన చాలును. వేంగమాంబ తత్త్వకీర్తనలను మహిళాగోష్ఠులు చేపట్టవచ్చును. పాడు పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పుటకు సంఘభవనమున వారమునకు రెండుగంటలు కేటాయించుట అసాధ్యము కాదు.

పాట గురువు కాదని మొదట చెప్పితిమి. ఐనను గురువు నోటినుండి శిష్యుని చెవిలో పడిన మాట, ఆ ఇరువురును గతించిన పిదప మనవరకు వచ్చినది పాటవలననే. అట్లు వచ్చిన మాటను అక్షరదోషము లేక, అర్థము తెలిసి, మనస్సు నిలిపి పాడుట మనవంతు. తిరుత్తణి మెట్లపై నిలిచి పాడు తెలుగు బాలుడు నాథశబ్దమును నాథశబ్దముగా పలికి, అది ఎవరిని పిలుచుచున్నదో ఎరిగియున్నచో, దీక్షితులవారి తొలికృతి ఆ కొండపై అర్థవంతముగా మ్రోగినట్లే.